వైద్య పత్రికల పద్దు: వచ్చినవి, తిప్పి పంపినవి, నిలిచినవి

వైద్య పరిశోధన పత్రికలు ఏడాదికోసారి తమ పద్దు తామే అచ్చువేసుకుంటాయి. ఆ ఏడు ఎన్ని పేపర్లు వచ్చాయి, ఏయే దేశాల నుంచి వచ్చాయి, రివ్యూయర్లకు చూపించకుండానే ఎన్నింటిని వెనక్కి పంపారు, తొలి నిర్ణయం చెప్పడానికి సగటున ఎన్ని రోజులు పట్టింది, చివరికి నూటికి ఎన్ని అచ్చయ్యాయి, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పెరిగిందా తగ్గిందా అన్నవి ఆ పద్దులో ఉంటాయి. వచ్చినవి పెరిగి, తీసుకున్నవి తగ్గి, నిర్ణయానికి పట్టే రోజులు కుదించుకుపోతే ఎడిటర్ బాగా పనిచేసినట్టు లెక్క. పాలకమండళ్లు ఈ అంకెల్ని చూసే ఎడిటర్ల పదవీకాలం పొడిగిస్తాయి, వైద్య కళాశాలలు ఈ అంకెల్ని చూసే ఏ పత్రికలో పేపరు వేస్తే ఎంత విలువో తేలుస్తాయి. రెండు వందల ఏళ్లు దాటిన వైద్య పత్రికల చరిత్రలో ఈ కొలతలు రాజ్యమేలుతున్నది గత యాభై ఏళ్ల నుంచే. అంతకు ముందు పత్రికలు మంచివో కావో చెప్పడానికి ఇవేవీ లేవు, అయినా మంచివేవో జనానికి తెలుసు. ఈ అంకెలు చాలావరకు రచయితల మీద ఎక్కడి నుంచి ఎంత ఒత్తిడి పడుతోందో చెబుతాయి. పత్రిక ఎలా పనిచేసిందో తెలియాలంటే అది అచ్చువేసిన పేపరు తర్వాత ఏమైందో చూడాలి. ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ చరిత్రను ముందు పెట్టుకుని, లండన్, అమెరికా పత్రికల చరిత్రను దాని పక్కన పెట్టి చూస్తే ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

మన దేశంలో వైద్యులకు చాలాకాలం పాటు పెద్ద దిక్కు కలకత్తా నుంచి 1866లో మొదలైన ఇండియన్ మెడికల్ గెజిట్. జిల్లా ఆసుపత్రుల్లో పనిచేసే సర్జన్లు తాము చూసిన కేసుల్ని అందులో రాసేవారు. 1911లో ఇండియన్ రీసెర్చ్ ఫండ్ అసోసియేషన్ ఏర్పడింది. ఇప్పటి భారత వైద్య పరిశోధన మండలికి అదే తొలిరూపం. మలేరియా అధ్యయనం కోసం 1910లో మొదలైన పాలూడిజమ్ అనే చిన్న పత్రిక స్థానంలో, ఆ సంస్థ 1913 జులైలో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌ను ప్రారంభించింది. మూడు నెలలకోసారి వచ్చేది. రాసేవారిలో ఎక్కువమంది కసౌలి, గిండీ, బొంబాయి, కూనూరు ప్రయోగశాలల్లో జీతం మీద పనిచేస్తున్నవారే. వాళ్లు చేసిన పని ఎక్కడో ఒకచోట నమోదు కావాలి, ఆ నమోదుకే ఈ పత్రిక. ఎన్ని పేపర్లు వస్తాయో దాదాపు ముందే తెలుసు కనుక, ఎన్ని తిప్పి పంపామో గొప్పగా చెప్పుకోవాల్సిన అవసరం ఎడిటర్‌కు లేదు. ఇవాళ్టి కొలతలతో మార్కులు వేస్తే ఆ పత్రిక కింది తరగతిలో నిలుస్తుంది. అయినా అందులో అచ్చయిన రెండు పనుల సంగతి చూడండి.

మొదటిది వైద్య పరిశోధకురాలు లూసీ విల్స్ పని. 1928లో ఆమె బొంబాయి హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల్లో రక్తం విపరీతంగా తగ్గిపోయి ప్రాణం మీదికి వస్తోంది, కారణం తెలియదు. ఇనుము ఇచ్చినా లాభం లేకపోతోంది. విల్స్ వాళ్ల తిండి గమనించింది, ఎలుకల మీద, కోతుల మీద ప్రయోగాలు చేసింది. బొంబాయి సహచరులతో కలిసి చేసిన ఈ పరిశోధనను 1930 నుంచి వరుస భాగాలుగా ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ప్రచురించింది. ఈస్ట్ సారం తినిపిస్తే రోగులు కోలుకుంటున్నారన్న ఫలితం 1931లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఆ సారంలో ఉన్నదేమిటో అప్పటికి ఎవరికీ తెలియక విల్స్ కారకం అన్నారు. అదే ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తేలింది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన జట్టుకు అమెరికాలోని లెడర్లీ సంస్థలో నాయకత్వం వహించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అది 1945 మాట. ఆ ఫోలిక్ యాసిడ్‌కు ఎదురు పనిచేసే అమినోప్టెరిన్‌ను కూడా ఆయన జట్టే తయారుచేసింది. దాంతో లుకేమియా ఉన్న పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం దొరికిందని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రకటించాడు. 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. క్యాన్సర్‌కు మందుల వైద్యం మొదలైన మజిలీల్లో అదొకటి. బొంబాయి మిల్లు కార్మికురాలి రక్తహీనత నుంచి బోస్టన్ పిల్లల ఆసుపత్రి దాకా పద్దెనిమిదేళ్లు పట్టింది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనే కొలత ఒక పేపరును లెక్కలోకి తీసుకునేది అది అచ్చయ్యాక వచ్చే రెండేళ్ల వరకే. ఆ కొలత 1930లో ఉండి ఉంటే, 1932తో విల్స్ పేపర్ల పని ముగిసినట్టే రాసుకునేవారు.

రెండోది మన తెలుగు గడ్డ మీది కథ. నెల్లూరు జిల్లా మెట్ట ఊళ్లలో పిల్లల పళ్ల మీద పసుపు, గోధుమరంగు మచ్చలు, నడివయసు వచ్చేసరికి నడుము వంగని మనుషులు కనిపించడం అక్కడివారికి కొత్త కాదు. ఆ ఊళ్లలో చాలావాటిని 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలో కలిపారు. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే నలుగురు వైద్యులు ఈ జబ్బు మీద ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాశారు. షార్ట్ గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు. బర్నార్డ్ మద్రాసు జనరల్ ఆసుపత్రిలో ఎక్స్‌రే విభాగాన్ని నిలబెట్టినవాడు. వాళ్ల వర్ణన ఇప్పుడు చదివినా రోగి కళ్ల ముందు నిలుస్తాడు. చిన్నప్పుడు పళ్ల మచ్చలు తప్ప మరే బాధా ఉండదు. ఆ నీళ్లే తాగుతూ ఏళ్లు గడిచాక కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కుతాయి, కీళ్లు నొప్పి పుట్టి బిగుసుకుంటాయి. నడుముతో మొదలై వెన్ను మొత్తం ఒకే కర్రలాగా గట్టిపడుతుంది. పక్కటెముకలు కదలక, ఊపిరి తీస్తే పొట్ట మాత్రమే ఆడుతుంది. ఎక్స్‌రేలో ఎముకలు మామూలు కంటే చిక్కగా, తెల్లగా కనిపిస్తాయి. పళ్ల మచ్చలకు నీటిలోని ఫ్లోరైడే కారణమని అమెరికాలో తేలింది 1931లో. డెన్మార్క్‌లో క్రయొలైట్ కర్మాగార కార్మికుల ఎముకల్లో మార్పుల్ని చూసింది 1932లో. బావినీళ్లు తాగడం తప్ప మరే పాపమూ ఎరుగని రైతుల్ని అదే ఫ్లోరైడ్ కుంటివాళ్లను చేస్తోందని ప్రపంచానికి చెప్పింది మాత్రం ఈ నెల్లూరు పరిశోధనే. ఫ్లోరోసిస్ మీద తర్వాత ఏ దేశంలో ఎవరు రాసినా 1937 దగ్గరికి రాక తప్పలేదు. ఆ సంవత్సరం పత్రిక ఎన్ని పేపర్లను తిప్పి పంపిందన్నది ఎవరికీ పట్టని సంగతి. పట్టాల్సిన అవసరమూ లేదు.

ఆ రోజుల్ని స్వర్ణయుగంగా చూపిస్తున్నారని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిందే. అది వలస ప్రభుత్వపు పత్రిక. రాయగలిగే పదవుల్లో ఎక్కువగా ఉన్నది ఇండియన్ మెడికల్ సర్వీసు అధికారులు, వాళ్లలో అత్యధికులు తెల్లవాళ్లు. ప్రయోగశాలల్లో పగలూ రాత్రీ పనిచేసిన భారతీయ సహాయకుల్లో చాలామందికి పేపరు చివర కృతజ్ఞతలో ఒక ముక్క దక్కితే గొప్ప. ఎవరు రాయాలో ముందే నిర్ణయమైపోయిన చోట పేపర్లు తిప్పి పంపాల్సిన పని పడకపోవడం ఉదారత కాదు. తలుపు మరీ ఇరుకు కావడం వల్ల గుమ్మం దగ్గర రద్దీ లేదు, అంతే. కాబట్టి ఆ పత్రికను ఆదర్శంగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. తక్కువ తిప్పి పంపిన పత్రికలో చెత్త పేరుకుంటుందన్న నమ్మకం ఈ చరిత్ర ముందు నిలవదని మాత్రమే అంటున్నాను. ఎక్కువ తిప్పి పంపితే నాణ్యత దానంతట అదే వస్తుందన్న నమ్మకం కూడా అంతేనని ముందు ముందు చూస్తాం.

పేపరును అచ్చుకు ముందు బయటి నిపుణుడికి చూపించడం పాతకాలం నుంచీ ఉన్న పద్ధతేనని చాలామంది అనుకుంటారు. వైద్య పత్రికల విషయంలో అది నిజం కాదు. థామస్ వాక్లీ 1823లో లాన్సెట్‌ను మొదలుపెట్టింది లండన్ ఆసుపత్రుల్లో బంధుప్రీతిని బజారుకీడ్చడానికి, పెద్ద డాక్టర్ల ఉపన్యాసాల్ని అందరికీ అందుబాటులోకి తేవడానికి. అందులో ఏది వెయ్యాలో ఎడిటరే తేల్చేవాడు. బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఎడిటర్ ఎర్నెస్ట్ హార్ట్ తమ దగ్గర పేపర్లను నిపుణులకు పంపి అభిప్రాయం తీసుకునే పద్ధతిని 1893లో అమెరికన్ ఎడిటర్లకు వివరించాడు. దాన్ని అందిపుచ్చుకున్నవాళ్లు తక్కువ. లాన్సెట్‌లో బయటి రివ్యూ తప్పనిసరి అయింది 1976లోనే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్రభుత్వాలు పరిశోధనకు డబ్బు కుమ్మరించాయి, పేపర్లు పుంఖానుపుంఖంగా వచ్చిపడ్డాయి, శాఖలు చీలి చీలి ఒక ఎడిటర్ తలలో పట్టనంత అయ్యాయి. జిరాక్స్ యంత్రం వచ్చాక ఒకే పేపరు కాపీలు తీసి ముగ్గురికి పంపడం తేలికైంది. రివ్యూ వ్యవస్థ స్థిరపడటానికి సిద్ధాంతం కంటే ఈ రద్దీయే పెద్ద కారణం. ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ కూడా ఆ ఒత్తిడి నుంచి తప్పించుకోలేదు. 1958లో రెండు నెలలకోసారి, 1964 నుంచి నెలనెలా రావడం మొదలైంది.

రద్దీని పరువుగా మార్చింది మరో పరిణామం. యూజీన్ గార్ఫీల్డ్ 1955లో సైన్స్ పత్రికలో ఒక ఆలోచన ప్రతిపాదించాడు. ఏ పేపరును ఏ పేపర్లు ఉటంకించాయో చూపే సూచిక ఉంటే పరిశోధకుడు తనకు కావలసింది వెతుక్కోవచ్చన్నది దాని సారాంశం. 1960ల్లో ఆ సూచిక పుస్తకరూపంలో వచ్చింది. 1975 నుంచి పత్రికలవారీగా లెక్కలు కట్టి, సగటు ఉటంకింపులతో ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను ఏటా ప్రకటించడం మొదలైంది. ఏ పత్రికకు చందా కట్టాలో తేల్చుకోవడంలో లైబ్రేరియన్లకు అది అక్కరకొచ్చిన పనిముట్టే. దానితో మనిషిని కొలవడం మొదలైనప్పటి నుంచి చిక్కు వచ్చిపడింది. ఉద్యోగం, ప్రమోషన్, గ్రాంటు అన్నీ పేపరులో ఏముందన్నదాన్ని వదిలి, అది ఏ పత్రికలో వచ్చిందన్నదాని చుట్టూ తిరిగాయి. రచయితలు పై అంతస్తు పత్రికతో మొదలుపెట్టి, తిప్పి పంపిన కొద్దీ మెట్టు మెట్టు దిగుతూ పంపడం నేర్చుకున్నారు. ఒకే పేపరు నాలుగు పత్రికల గడప తొక్కితే నాలుగు పత్రికల రద్దీ లెక్కల్లోనూ కనిపిస్తుంది, మూడు పత్రికల తిరస్కరణ శాతాన్ని పెంచుతుంది. పరిశోధన మాత్రం ఒక్కటే. ఏ పత్రికైనా తనకు పేపర్లు రెట్టింపయ్యాయని ప్రకటిస్తే, వాటిలో ఎన్ని కొత్తవి, ఎన్ని వేరే గడప దగ్గర తిరగ్గొట్టినవి అని ముందు అడగాలి. ఆ విభజనను వార్షిక పద్దుల్లో చూపించే పత్రికలు అరుదు.

ఈ దిగుడు మెట్ల వ్యవస్థలో భారతీయ పత్రికల చోటెక్కడో వేరే చెప్పనక్కర్లేదు. మన ఫ్లోరోసిస్ కథే చూడండి. 1937లో నెల్లూరు పరిశోధన భారతీయ పత్రికలో వచ్చింది. నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద సిద్దికీ రాసిన పేపరు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో ఎదిగే పిల్లలకు మోకాళ్లు లోపలికి వంగిపోతున్నాయని, ఎముకలు పలచబడుతున్నాయని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గుర్తించారు. ఆ పేపరు 1973లో లాన్సెట్‌లో వచ్చింది. రోగులు మన పల్లెల్లోనే ఉన్నారు, పేపరు మాత్రం లండన్‌లో అచ్చయింది. ఇందులో తప్పేముందన్న ప్రశ్నకు బలముంది. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో చూసిన మలేరియా కణాల సంగతి అదే ఏడాది డిసెంబర్ 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లోనే వచ్చింది. ప్రపంచం చూడాల్సిన సంగతి ప్రపంచం చదివే చోట వేయడం పరిశోధకుడి హక్కు. నల్గొండ పిల్లల కాళ్ల గురించి లాన్సెట్ రాయడం వల్ల ఆ జబ్బుకు దొరికిన గుర్తింపును తోసిపుచ్చలేం. కానీ ఆ పేపరు ఎవరికి ఉపయోగపడాలో ఆ జిల్లా డాక్టరుకు, ఆ జిల్లా నీటి సరఫరా ఇంజనీరుకు ఆ రోజుల్లో లాన్సెట్ సంచిక ఎక్కడ దొరుకుతుంది? పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే నల్గొండ పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించింది 1970ల్లో. ఇంటింటికీ నది నీళ్లు అన్న మిషన్ భగీరథ మొదలైంది 2016లో. ఏ పత్రికా నీళ్లు తేలేదు, నిజమే. కానీ ఒక జబ్బు గురించి తెలిసినదంతా ఒకచోట పోగుచేసి, పదేళ్లకోసారైనా గుర్తుచేసి, ఏం చేశారని పాలకుల్ని నిలదీయడం సొంత గడ్డ మీది పత్రిక చేయగల పని. ఆ పనికి ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌లో మార్కుల్లేవు.

ఇక మన దగ్గర పేపర్ల వరద ఎక్కడి నుంచి వస్తోందో చూద్దాం. పీజీ విద్యార్థి చదువు ముగిసేలోగా ఒక పోస్టరు ప్రదర్శించాలి, ఒక పేపరు చదవాలి, ఒక పేపరును ప్రచురణకు కనీసం పంపి ఉండాలి అని మెడికల్ కౌన్సిల్ 2009లో నిబంధన తెచ్చింది. అధ్యాపకుల ప్రమోషన్‌కు ఎన్ని పేపర్లు కావాలో, ఏయే సూచికల్లో ఉన్న పత్రికలు లెక్కకొస్తాయో, రచయితల వరసలో ఎన్నోవాడికి ఆ పేపరు చెల్లుతుందో 2015లో మరింత బిగించింది. ఉద్దేశం మంచిదే కావచ్చు. ఫలితం వేరే. 2005 నుంచి 2014 వరకు 579 భారతీయ వైద్య సంస్థల ప్రచురణల్ని లెక్కపెట్టిన అధ్యయనం ఒకటి 2016లో వచ్చింది. రాసింది సమీరన్ నందీ, ఆయన సహచరులు. ఏడాదికి వందకు పైగా పేపర్లు వెలువరించిన సంస్థలు 25 మాత్రమే. 332 సంస్థల నుంచి, అంటే నూటికి 57 చోట్ల నుంచి, పదేళ్లలో ఒక్క పేపరూ లేదు. పరిశోధనకు సమయం, గణాంక నిపుణుడు, లైబ్రరీ ఏవీ ఇవ్వని చోట పేపరు మాత్రం కావాలని నిబంధన పెడితే ఏమవుతుంది? డబ్బు కడితే అచ్చువేసే దుకాణాలు పుడతాయి. 2010లో సుమారు 53,000 పేపర్లు అచ్చువేసిన ఇలాంటి పత్రికలు 2014లో సుమారు 4,20,000 అచ్చువేశాయని షెన్, బ్యోర్క్ అనే పరిశోధకులు అంచనా కట్టారు. ఆ రచయితల్లోనూ ప్రచురణకర్తల్లోనూ మన దేశం వాటా పెద్దదే. హైదరాబాద్ కేంద్రంగా వందల ఆన్‌లైన్ పత్రికలు నడిపిన ఒక సంస్థ రివ్యూ గురించీ రుసుముల గురించీ రచయితల్ని మోసగించిందని అమెరికా ఫెడరల్ కోర్టు 2019లో తేల్చి, 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమంది. మన నగరం పేరు ప్రపంచ వైద్య పత్రికల చరిత్రలో ఒకసారి రాస్ దోమ వల్ల, మరోసారి ఈ తీర్పు వల్ల ఎక్కడం బాధ కలిగించే సంగతి. ఆ దుకాణాల వార్షిక పద్దు మాత్రం మచ్చలేనిదిగా ఉంటుంది. వచ్చే పేపర్లు ఏటా పెరుగుతాయి, నిర్ణయం రోజుల్లో వచ్చేస్తుంది, రచయితలంతా సంతోషంగా ఉంటారు.

అందుకే నిజమైన పత్రికలు గట్టిగా వడకట్టాలని, అదే వాటికీ దుకాణాలకూ తేడా అని ఎడిటర్లు అంటారు. ఈ వాదన తీసిపారేయదగ్గది కాదు. పనికిరాని పేపరును ఆపితే పాఠకుడి సమయం మిగులుతుంది, రోగికి కీడు తప్పుతుంది. అయితే వడపోత ఎంత నమ్మదగినదో కూడా కొలిచి చూశారు. ఫియోనా గాడ్లీ, ఆమె సహచరులు ఒక పేపరులో కావాలని ఎనిమిది లోపాలు పెట్టి 420 మంది రివ్యూయర్లకు పంపారు. 221 మంది బదులిచ్చారు. వాళ్లు పట్టుకున్నవి సగటున రెండు లోపాలు. ఆ ఫలితం 1998లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రిక జామాలో వచ్చింది. ఆపేసిన పేపరు ఆగిపోతుందన్నదీ భ్రమే. యానల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ 1993, 1994లో తిప్పి పంపిన 350 పేపర్ల జాడ తీస్తే నూటికి 69 తర్వాత మరో పత్రికలో అచ్చయ్యాయి. వడపోత పత్రిక ఇంటిని శుభ్రంగా ఉంచుతుంది కానీ వైద్య సాహిత్యాన్ని మొత్తంగా శుభ్రం చేయదు. రివ్యూ వద్దని అనడం లేదు. లోపాలు చెప్పి పేపరును బాగుచేయించే రివ్యూయరు రచయితకు గురువుతో సమానం. తిరస్కరణ శాతంలో ఆ గురుత్వం కనిపించదు. నాలుగుసార్లు తిరగరాయించి ఒక జిల్లా డాక్టరు పేపరును నిలబెట్టిన ఎడిటర్, ఆ శాతం ప్రకారం, చూడకుండా తిప్పి పంపిన ఎడిటర్ కంటే తక్కువవాడు.

అచ్చయ్యాక ఏం చేశారన్నదే అసలు పరీక్ష అనడానికి ఒకే పత్రిక నుంచి రెండు సాక్ష్యాలున్నాయి. తట్టును అడ్డుకునే టీకాకూ ఆటిజానికీ లంకె ఉందన్న అనుమానం పుట్టించిన వేక్‌ఫీల్డ్ పేపరు లాన్సెట్‌లో 1998 ఫిబ్రవరిలో వచ్చింది. అందులో ఉన్నది 12 మంది పిల్లలు. రచయితల్లో చాలామంది 2004లో దాని వ్యాఖ్యానం నుంచి తప్పుకున్నారు. పత్రిక దాన్ని పూర్తిగా వెనక్కి తీసుకుంది 2010 ఫిబ్రవరిలో. పన్నెండేళ్లపాటు ఆ పేపరు చూపించి తల్లిదండ్రుల్ని భయపెట్టారు, తట్టు మళ్లీ పెరిగింది. 2020 మే 22న, కొవిడ్ రోగులకు ఇచ్చిన హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద అదే పత్రికలో 671 ఆసుపత్రుల్లోని 96,032 మంది రోగుల పేరుతో ఒక పేపరు వచ్చింది. ఆ సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో చూపించమని ప్రపంచం నలుమూలల నుంచీ వైద్యులు బహిరంగ లేఖ రాశారు. చూపించలేకపోయారు. జూన్ 4న, 13 రోజుల్లో, అది వెనక్కి పోయింది. ఈలోగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందు మీది పరీక్షను ఆపి, మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. గడప దగ్గరి కొలతల్లో ఈ రెండు పేపర్లకీ తేడా ఏమీ లేదు. ఎంతో కఠినంగా వడకట్టే పత్రిక, కొద్దిమందికే దొరికే అవకాశం, రెండింటిలోనూ ఒకటే. తప్పు తెలిశాక పత్రిక ఎంత త్వరగా కదిలిందన్న దగ్గర మాత్రం పన్నెండేళ్లకూ పదమూడు రోజులకూ ఉన్నంత తేడా ఉంది.

కొవిడ్ కాలం వేగాన్ని సమర్థించదా అన్న ప్రశ్న మిగిలింది. 2020 మొదటి నెలల్లో జామా పత్రికకు అంతకు ముందు ఏడాది అదే కాలంతో పోలిస్తే రెండింతలకు మించి పేపర్లు వచ్చాయి. ఆడవాళ్ల పేపర్లు అదే నిష్పత్తిలో పెరగలేదని, ఇంటి చాకిరీ వాళ్ల మీద పడిందని తర్వాతి పరిశీలనలు చెప్పాయి. పేపర్ల రాక పత్రిక గొప్పతనాన్ని కాక రచయితల పరిస్థితిని చెబుతుందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? వేగం వల్ల మేలు జరగలేదని కాదు. డెక్సామెథసోన్ తీవ్ర రోగుల ప్రాణాలు నిలుపుతుందని బ్రిటన్‌లోని రికవరీ ట్రయల్ జూన్‌లో తేల్చింది, జులైలో అది అచ్చయింది. ఆ వేగాన్ని నమ్మగలిగాం, ఎందుకంటే ఆ పరీక్షలో ఏం కొలవబోతున్నారో ఫలితాలు రాకముందే నమోదై ఉంది. అలా నమోదు కాని ట్రయల్స్‌ను అచ్చువేయబోమని పెద్ద వైద్య పత్రికల ఎడిటర్ల సంఘం 2004లో ప్రకటించి 2005 జులై నుంచి అమలు చేసింది. మన దేశంలో 2007 జులైలో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ మొదలైంది. నమోదు లేని ట్రయల్స్‌ను తీసుకోబోమని భారతీయ వైద్య పత్రికల ఎడిటర్లు కొందరు కలిసి ప్రకటించారు. 2009 జూన్ నుంచి అది దేశంలో తప్పనిసరి అయింది. అననుకూల ఫలితాల్ని దాచేసే మందుల కంపెనీలకు ఇది కొంతైనా పగ్గం వేసింది. గత పాతికేళ్లలో ఎడిటర్లు రోగులకు చేసిన అతిపెద్ద ఉపకారం ఇదేనని నా అభిప్రాయం. దీనివల్ల ఏ పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టరూ పెరగలేదు, ఎవరి నిర్ణయమూ ఒక రోజు ముందు రాలేదు.

పేపర్ల రాకపోకల లెక్క వేయొద్దని ఎవరూ అనరు. ఎంతమంది పంపుతున్నారో తెలియకుండా ఎడిటర్ రివ్యూయర్లను సమకూర్చుకోలేడు, ఎన్నాళ్లు పడుతోందో తెలియకుండా రచయితకు జవాబు చెప్పలేడు. అది ఆఫీసు నడపడానికి కావలసిన లెక్క. దాన్నే ప్రతిభాపత్రంగా గోడకు తగిలించడం ఆపాలి. మన దేశంలో పత్రికలు నడుపుతున్న వైద్య సంఘాలు, కళాశాలలు, పరిశోధన మండళ్లు వచ్చే ఏటి పద్దులో మరికొన్ని పంక్తులు చేర్చాలి. అచ్చయిన పేపర్ల మీద అనుమానాలతో ఎన్ని లేఖలు వచ్చాయి, ఒక్కో లేఖకు ఎన్ని నెలల్లో జవాబు దొరికింది. ఎన్ని పేపర్లను సరిదిద్దారు, ఎన్నింటిని వెనక్కి తీసుకున్నారు, ఆ సంగతి పాఠకుడికి కనిపించేలా వేశారా లేదా. జిల్లా ఆసుపత్రుల నుంచి వచ్చిన పేపర్లెన్ని, వాటిని నిలబెట్టడానికి రివ్యూయర్లు ఎంత సాయం చేశారు. పనిచేయలేదని తేలిన మందుల ఫలితాలు ఎన్ని వేశారు. పదేళ్ల కింద తాము వేసిన పేపర్లలో ఏది ఇంకా నిలబడుతోంది, ఏది తప్పని తేలింది. వీటికి జవాబులు ఇచ్చే పత్రికకు ప్రమోషన్ నిబంధనల్లో ఎక్కువ విలువ ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ నిర్ణయిస్తే, రచయితలు ఏ గడపకు వెళ్లాలో వాళ్లే తేల్చుకుంటారు.